పొక్కని పొక్కు

కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద ఆదివారం సాయంత్రం రెండు రకాల మనుషులు కనిపిస్తారు. హైదరాబాదు నుంచి వచ్చి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, కయాక్‌లలో తెడ్లు వేసేవాళ్లు కొందరు. వాళ్లను చూస్తూ కూర్చునే ఊళ్లవాళ్లు కొందరు. మా మామ మొన్నమొన్నటి దాకా రెండో రకం. 1967లో కట్టిన ఈ ప్రాజెక్టు కంటే ఆయన ఏడెనిమిదేళ్లు పెద్ద. కూతురు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాక మూడో రకమయ్యాడు. మొహం నీళ్ల వైపే ఉంటుంది, చూపు మాత్రం అరచేతిలో ఉంటుంది.

పోయిన ఏడు కంది కోతలు అయ్యాక వెళ్లాను. "గిది సూడు అల్లుడా" అని ఫోన్ నా ముందు పెట్టాడు.

మొదట మంచుకొండల్లో ఒంటి మీద బట్ట లేకుండా కూర్చున్న సాధువు. వేలితో పైకి జరిపితే వెలుతురును కూడా మింగేసే కృష్ణబిలం. మళ్లీ జరిపితే ఎక్కడో అరవై అంతస్తుల మేడ అంచున ఒంటికాలి మీద నిలబడ్డ కుర్రాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లుగా బతికే ఉన్నాడంటున్న యోగి. నాలుగింటికీ గొంతు ఒకటే. 'మీరు నమ్మలేరు' అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా చివరిదాకా పరుగెత్తే గొంతు. వెనక మోగే మోత కూడా ఒకటే. కృష్ణబిలానికీ యోగికీ మధ్య దూరమల్లా బొటనవేలు కదిలినంత.

"ఇండ్ల ఏది నిజం?" అన్నాడు మామ.

కృష్ణబిలం నిజం, మూడు వందల ఏళ్ల యోగి అబద్ధం అన్నాను. పట్నంలో చదువుకున్నవాడి తొందర.

"నీకెట్ల ఎరుక? రెండూ నువ్వు సూసినవి కావు గద."

పుస్తకాల్లో ఉందని చెప్పబోయి ఆగాను. యోగి మీదా పుస్తకాలున్నాయి. కాసేపు వెతుక్కుని నాకు తెలిసిన ఒక సంగతి చెప్పాను. కృష్ణబిలం మొదటి చిత్రం 2019 ఏప్రిల్ 10న లోకానికి చూపించారు. ఎం87 అనే గెలాక్సీ నడుమ ఉన్నది అది. భూమి మీద వేర్వేరు చోట్ల ఉన్న ఎనిమిది రేడియో టెలిస్కోపులు పోగేసిన సమాచారాన్ని బొమ్మగా మార్చాలి. ఆ పని చేసినవాళ్లు నాలుగు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు బొమ్మ ఇంకో జట్టుకు చూపించకుండా వారాల తరబడి విడివిడిగా పనిచేశారు. చూడాలని మనసుపడ్డదాన్నే చూసేస్తామేమోనని వాళ్లకు తమ మీదే అనుమానం.

మామ గడ్డం గోక్కున్నాడు. "దొంగతనం పంచాయితీల సాక్షులను యేరేయేరే పిలిచి అడిగినట్టు."

అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆకాశం వింతలు మా జిల్లాకు కొత్త కావు. 2022 డిసెంబరు 7 పొద్దున హైదరాబాదు మీద తెల్లగా మెరుస్తూ ఏదో కదిలింది. జనం ఫోన్లు పైకెత్తారు. గ్రహాంతరవాసులని కొందరు, కొత్త నక్షత్రమని కొందరు, దేవుడి మహిమని కొందరు. అదే రోజు మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పెద్ద గుమ్మటం లాంటి వస్తువు నేల మీదికి దిగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గుమిగూడారు, పోలీసులు వచ్చారు. తీరా చూస్తే అది హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్. టికెట్టు కొన్న యాత్రికులను స్ట్రాటోస్ఫియర్ దాకా తీసుకెళ్లి భూమి గుండ్రదనాన్ని చూపించాలన్నది వాళ్ల వ్యాపార ఆలోచన. ఆ పొద్దున మనుషులు లేకుండా పరీక్ష కోసం పంపారు. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి లేచి, సుమారు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, మా వైపు దిగింది.

ఆ కథలో నాకు నచ్చే భాగం ఊరివాళ్లది. వాళ్లూ భయపడ్డారు, వాళ్లూ వింతపోయారు. కానీ నడిచి దగ్గరికి పోయారు. దాని చుట్టూ తిరిగి చూడడం, పక్కవాణ్ని అడగడం, వచ్చిన పోలీసును అడగడం వాళ్ల చేతిలో ఉంది. అదే పొద్దున ఫోన్‌లో చూసినవాడికి ఆశ్చర్యం మాత్రమే చేరింది. అడగడానికి పక్కన మనిషి లేడు. వాడి ఆశ్చర్యం తక్కువదని అనను. దానికి కాళ్లు లేవు, అంతే.

ఆ బెలూన్ కేంద్రం వాళ్లు ఎగరేసే కాలానికి ముందు పత్రికల్లో ఒక ప్రకటన వేయిస్తారు. ఎవరూ చదవని మూలన పడుతుంది. పలుచని పాలిథీన్‌తో చేసి హైడ్రోజన్ నింపిన బెలూన్లు వదులుతున్నామని, 30 నుంచి 42 కిలోమీటర్ల దాకా పోతాయని, పరికరాలు పారాచూట్లతో ఈ ఈ జిల్లాల్లో దిగవచ్చని ఉంటుంది. విప్పొద్దు, కొన్నింట్లో హై వోల్టేజి కరెంటు ఉంటుంది, పోలీసులకు చెప్పండి, చెప్పినవారికి బహుమానం ఇస్తాం అనీ ఉంటుంది. ఇంతకంటే చప్పిడి వాక్యాలు తెలుగులో అరుదు. అయినా నాకు ఆ ప్రకటన మీద గౌరవం. ఏం పడుతుందో, అందులో ప్రమాదమేమిటో పడకముందే చెబుతోంది. ఏ మహిమ ఇలా ముందుగా నోటీసు ఇచ్చింది?

ఆ కేంద్రం బెలూనే 2005 ఏప్రిల్‌లో ఇస్రో పరికరాలతో పైకి పోయి, 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చింది. ఆ గాలిలో అంతకుముందు తెలియని మూడు బాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. 'హైదరాబాదు ఆకాశంలో గ్రహాంతర జీవులు' అనే వీడియోలు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. 2009లో ఫలితం చెప్పినప్పుడే, ఇవి భూమి బయటి నుంచి వచ్చాయని దీంతో తేలలేదని ఇస్రో స్పష్టంగా రాసింది. వీడియోలో ఆ వాక్యం ఉండదు. ఉంటే చూసేవాళ్లు ఉండరు.

సైన్సు పేరున్న ప్రతిచోటా ఇంత బాహాటంగా మాట్లాడతారని కాదు. పూడూరు వైపు దామగుండం అడవిలో జనం రాడార్ కేంద్రమని పిలిచే నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రం లోపల ఉన్న జలాంతర్గాములకు కబురు పంపే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు అక్కడి నుంచి వెలువడాలి. ఒక్కో అల పొడవే పది కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఉప్పునీటిలోకి కొంత లోతు దాకా దిగగలదు. సముద్రం మొహం చూడని మా కొండల నుంచి సముద్రం లోపల ఉన్నవాడికి మాట వినిపించడం, నన్నడిగితే, ఆ మంచు సాధువు కంటే పెద్ద వింత. కానీ చెట్లు ఎన్ని పోతాయి, అడవిలోని గుడికి దారి ఉంటుందా, తరంగాలు ఒంటికి హాని చేస్తాయా అని ఊళ్లవాళ్లు అడిగారు. సైన్యం అన్నీ చెప్పదు, చెప్పలేదు కూడా. జవాబు ఆగిన చోట ఫోన్‌లో గొంతు మొదలైంది, 'మీరు నమ్మలేరు' అని. అప్పుడు జనాన్ని మూఢులనడం సులువు. నాకు ఆ మాట అనబుద్ధి కాదు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగినప్పుడు ఫోన్లలో వీడియోలు లేవు. అయినా ఒక్క పూటలో దేశమంతా పాకింది. నేనూ చెంచా పట్టుకుని వరుసలో నిలబడ్డాను. చెంచా అంచు తొండానికి తగలగానే పాలు తగ్గాయి. ఒళ్లు జలదరించింది, ఇప్పటికీ ఆ జలదరింపు అబద్ధమనను. తలతన్యత వల్ల పాలు అంచు దాటి, రాయి మీద పలుచని పొరగా కిందికి జారతాయని శాస్త్రవేత్తలు రంగు కలిపి చూపించారు. మా అమ్మకు ఆ రంగు పాలతో పని పడలేదు. గుడిలో పీఠం కింద నుంచి పారుతున్న పాలను గోనెపట్టాతో తుడిచింది ఆమే. ఇంటికొచ్చి చీర కుచ్చిళ్లు పిండుకుంటూ "తాగినకాడికి తాగిండు" అంది. ఆమెకు భక్తి తగ్గలేదు. పాలు ఎటు పోయాయో కూడా ఆమెకు తెలుసు.

ఈ మాట చెబితే మామ చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వులోనే ఇంకో మాట బయటపడింది.

మా వైపు పీర్ల పండుగకు గుండం తవ్వి మొద్దులు కాలుస్తారు. రాత్రి పీర్లను ఎత్తుకున్నవాళ్లు ఆ నిప్పుల్లో నడుస్తారు. హిందువులూ నడుస్తారు, మా మామ నడిచాడు, ఇరవై రెండేళ్ల వయసులో. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. కాలికి ఏమీ కాలేదన్నది ఆ కథకు ముగింపు. నేను పెద్దయ్యాక దానికి వివరణ కూడా తెలుసుకున్నాను. కట్టె నిప్పు వేడిని తొందరగా అందించదు, పైన బూడిద అడ్డం, అడుగుకూ అడుగుకూ మధ్య పాదం నిప్పును తాకేది క్షణంలో సగం కూడా కాదు. ఆ సాయంత్రం మళ్లీ అదే పాఠం అప్పజెప్పాను.

"అయ్యుండొచ్చు" అన్నాడు. కాసేపాగి, "నాకు పొక్కింది" అన్నాడు.

"ఏంటి?"

"ఎడమ కాలికి. రూపాయి బిళ్లంత పొక్కు. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే నీయత్ లేదంటరు. పదిరోజులు బొటనేలు మీద నడిచిన. మీ అత్త మొక్కిన మొక్కు అది, దానికి గూడ చెప్పలే."

నలభై ఏళ్లకు పైగా ఆ పొక్కు పొక్కలేదు. భక్తులకు అది అక్కర్లేదు, ఉంటే మొక్కు చెడుతుంది. నాలాంటివాడికీ అక్కర్లేకపోయింది, లెక్క ప్రకారం కాలకూడదు కాబట్టి. రెండు నమ్మకాల మధ్యా ఆ ఎడమ కాలు ఒంటరిగా పదిరోజులు కుంటింది.

1935లో ఇంగ్లండులోని సర్రేలో కశ్మీరుకు చెందిన కుదా బక్ష్ అనే మనిషి నిప్పుల మీద నడిచినప్పుడు, ఇలాంటి వింతలను పరిశోధించే హ్యారీ ప్రైస్ మనుషులు ముందు ఆయన పాదాలు కడిగి చూశారు, తర్వాతా చూశారు. ఆయనకు కాలలేదు. ఆయన్ని చూసి నడవబోయిన ఇంగ్లిష్ వాళ్ల కాళ్లు మాత్రం కమిలాయి. అదీ రాశారు. నడిచిన అడుగుల కంటే కడిగి చూసిన పాదాల దగ్గరే నా మనసు ఆగుతుంది. ఒక మనిషి అరికాలిని చేతిలోకి తీసుకుని నొప్పి ఉందా అని అడగడం పరిశోధనో పరామర్శో విడదీసి చెప్పలేను.

తన పొక్కు తానే చెప్పుకున్నవాళ్లూ లేకపోలేదు. మొగిలిగుండ్లలో దిగిన క్యాప్సూల్ వెళ్లి వచ్చిన ఎత్తుకు దాదాపు సమానమైన ఎత్తు నుంచి, 39 కిలోమీటర్లకు కొంచెం తక్కువ నుంచి, 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే సాహసికుడు దూకాడు. ధ్వని వేగాన్ని మించి పడ్డాడు. మామ ఫోన్‌లో ఆ దూకుడు నలభై సెకన్లు. దానికి రెండేళ్ల ముందు ఆ మనిషి పీడన సూటు బిగించుకుంటే ఊపిరాడక, పరీక్ష వదిలేసి విమానమెక్కి ఇంటికి పారిపోయాడు. మానసిక నిపుణుడి సాయంతో ఆ భయాన్ని అదుపులోకి తెచ్చుకున్నాడు, దాన్ని దాచుకోలేదు. 2025 జులైలో ఇటలీలో పారాగ్లైడింగ్ చేస్తూ పోయాడు. ఫోన్‌లోని ఆ నలభై సెకన్లలో, అతను పారిపోయిన రోజుకు చోటు లేదు.

పొద్దు గుంకింది. కయాక్‌లన్నీ ఒడ్డుకు లాగేశారు. కట్ట మీద వెలుగు మామ ఫోన్‌దే. ఆయన వేలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగింది. ఎక్కడి ఊరో, రాత్రి, గుండం, ఎర్రటి నిప్పులు. పంచె ఎగగట్టిన పడుచువాడు నడుస్తున్నాడు. జనం కేకలు. చివరి అడుగు నేల మీద పడగానే వీడియో మళ్లీ మొదటికొచ్చింది.

"ఆపు, ఆపు" అన్నాడు మామ, ఫోన్ ఆయన చేతిలోనే ఉన్నా. "కాలు సూపిస్తడా సూద్దాం."

మళ్లీ చూశాం. అడుగు నేల మీద పడింది, మొదటికొచ్చింది. కొంచెం వెనక్కి జరిపి ఆపుదామని నేను ప్రయత్నించాను, చేతకాలేదు. మామ కళ్లద్దాలు పంచె అంచుకు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి పెట్టు."