ప్రచారమా? ప్రలోభమా?

తన వస్తువు గుణమును నలుగురికి తెలుపుట వర్తకునకు దోషము కాదు. సంతలో కుమ్మరి కుండను మ్రోగించి చూపును. నేతగాడు చీర మడత విప్పి వెలుతురున పరచును. అయితే కొనువాడు ఆ కుండను తానును మ్రోగించి చూడగలడు, వలదని తోచినచో లేచి పోగలడు. నేడు సెల్‌ఫోను తెరపై మన పిల్లలను పిలుచుచున్న వీడియో ఆటల ప్రకటనలు ఇట్టి స్వేచ్ఛను మిగుల్చుచున్నవా? ఈ ప్రశ్న వ్యాపారమునకు మాత్రమే సంబంధించినది కాదు, ధర్మమునకును సంబంధించినది.

ఒప్పించుట వేరు, లోబరచుకొనుట వేరు. ఒప్పించువాడు ఎదుటివాని వివేకమును మేల్కొల్పి మాటలాడును. లోబరచుకొనువాడు ఆ వివేకము ఏమరు క్షణమునకై పొంచి యుండును. ఈ రెండింటిని వేరుపరచుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ప్రకటన చేయువాడు తన ఉపాయమును బహిరంగముగా చెప్పినచో ఆ ప్రకటన ఇంకను పనిచేయునా? పనిచేసినచో అది ప్రచారము. చెప్పినంతనే దాని బలము నశించినచో అది ప్రలోభము.

ఈ పరీక్షను కొన్ని సందర్భములకు అన్వయించి చూతము. మొదటిది, లేనిదానిని చూపుట. 2020లో బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణముల సంస్థ ‘హోమ్‌స్కేప్స్’, ‘గార్డెన్‌స్కేప్స్’ అను ఆటల ప్రకటనలను తప్పుదారి పట్టించునవిగా నిర్ణయించెను. ప్రకటనలో కడ్డీలను లాగి ఆపదను తప్పించు చిక్కుసమస్య కనబడును. ఆటలో ప్రధానముగా నున్నది ఒకే తీరు బొమ్మలను వరుసగా కూర్చుటయే. “మేము చూపుచున్నది ఆటలో బహు స్వల్పము” అని ముందే చెప్పినచో, ఆ ప్రకటనను చూచి వచ్చువా రెందరుందురు?

రెండవది, తొందరపెట్టుట. “ఈ అవకాశము పది నిమిషములే” అని తెరపై గడియారము తిరుగుచుండును. నిజమైన గడువును తెలుపుట తప్పు కాదు. కాని మరునాడును అదే బేరము అదే గడువుతో వచ్చినచో, ఆ గడియారము ఆలోచనను ఆపుటకే పెట్టబడినదని గ్రహింపవలెను. 2023 నవంబరు 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ప్రకటించిన మార్గదర్శకములలో 13 మోసపు పద్ధతులు పేర్కొనబడినవి. అందు కృత్రిమమైన తొందర ఒకటి, ప్రకటన యని తెలియనీయక చేయు ప్రకటన మరియొకటి.

మూడవది, ధనమునకు ముసుగు వేయుట. రూపాయలతో రత్నములు, రత్నములతో మరియొక నాణెము, ఆ నాణెముతో మూసిన పెట్టె. పెట్టెలో నేమున్నదో తెరచిన పిదప గాని తెలియదు. ఎంత వ్యయమైనదో బాలునకు లెక్క తేలదు. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ అను ఆట విషయమున ఇట్టి అభియోగములే రాగా, 2025 జనవరిలో దాని సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2 కోట్ల డాలర్ల పరిష్కారమునకు అంగీకరించెను. 16 ఏండ్ల లోపువారికి తల్లిదండ్రుల అనుమతి లేక ఆ పెట్టెలను అమ్మరాదను నియమమును ఆ పరిష్కారములో చేరినది.

“ఎవరు బలవంతము చేసిరి? ఇష్టపడియే కొనిరి గదా!” అని కొంద రాక్షేపింతురు. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఏలయన ఎదిగినవాని ఇష్టాయిష్టములను గౌరవింపవలసినదే. అయితే తెలిసి చేసిన ఎంపికయే ఇష్టమనబడును. ‘ఫోర్ట్‌నైట్’ ఆటలో మీటల అమరిక వలన ఒక్క నొక్కుతోనే, కోరని కొనుగోళ్లు జరిగినవని అభియోగము రాగా, 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ సంస్థ వినియోగదారులకు తిరిగి ఇచ్చుటకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అచ్చట మీటను నొక్కినది వేలు మాత్రమే. మనస్సు సమ్మతింపనిదానిని ఇష్టమనుట ఎట్లు? కాయకమును పవిత్రముగా నెంచువారికి ఆర్జన ఎంత యనుదానికంటె ఎట్లు వచ్చినదనునదే ముఖ్యము.

చట్టము కొంత చేయగలదు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆమోదించిన చట్టము ధనము పణముగా పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను, వాని ప్రకటనలను నిషేధించినది. కాని పణము లేని ఆటలలోని ఆకర్షణలన్నింటికి ఆ నిషేధము వర్తింపదు. మిగిలిన కావలి గృహమునదే.

ఇచ్చట పెద్దలు తమను తాము పరీక్షించుకొనవలెను. “ఫోను ముట్టితివా, చేయి విరుగును” అని భయపెట్టుటయు, “అల్లరి మానినచో గంటసేపు ఆడుకొమ్ము” అని ఆశపెట్టుటయు పిల్లవాని వివేకమును మేల్కొల్పవు. ప్రకటనకర్త చేయు పనినే వేరొక ప్రయోజనమునకై మనమును చేసినట్లగును. దానికి బదులు పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక ప్రకటనను కలిసి చూడవలెను. “ఇందులో చూపినది ఆటలో నున్నదా? ఈ తొందర ఎవరికొరకు? ఈ రత్నము వెల రూపాయలలో నెంత? దీనిని పొగడువానికి డబ్బు ఇచ్చుచున్నదెవరు?” అని అడుగవలెను. సమాధానమును వాని నోటనే రానీయవలెను.

అట్లు అడుగ నేర్చిన బాలుడు ఆటను ఆడవచ్చును, మానవచ్చును. ఏది చేసినను అది వాని నిర్ణయమగును. రేపు ఇదే ఉపాయముతో ఓటు నడుగువాడు వచ్చినను, అప్పు అంటగట్టువాడు వచ్చినను, వానికి ఆ ప్రశ్నలే అక్కరకు వచ్చును.