చక్రవర్తికి మిత్రులు



పవిత్ర శుక్రవారంనాడు యోహాను సువిశేషం నుండి ప్రభువు శ్రమల చరిత్ర చదివేటప్పుడు, జనసమూహం పలికిన మాటలను మనచేతనే పలికిస్తారు. చాలామందికి ఆ భాగం నచ్చదు. "సిలువ వేయండని మేమెందుకు అరవాలి ఫాదరుగారూ?" అని ఒక పెద్దామె నన్ను అడిగింది కూడ.

ఆ మాటల్లో ఒకదానిని మనం గబగబ చదివి దాటిపోతాం. 19వ అధ్యాయం 12వ వచనం తీసి చూడండి. పిలాతు యేసును విడిచిపెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఇతనిని వదిలితే నీవు చక్రవర్తికి మిత్రుడవు కావని జనం కేకలు వేశారు. అంతవరకు ఊగిసలాడిన అధికారి కాసేపటికే లొంగిపోయాడు. ఎందుకు? అప్పుడు రోమును ఏలుతున్నది తిబేరియ చక్రవర్తి. చక్రవర్తి ఘనతకు భంగం కలిగించారన్న నేరంమీద ఆయన కాలంలో ఎందరో శిక్షలకు గురయ్యారు. నేరం రుజువైతే దోషి ఆస్తిలో కనీసం నాలుగో వంతు ఫిర్యాదు చేసినవాడికి దక్కేది. ఇక చాడీలు చెప్పేవారికి కొదవ ఏముంటుంది? ఆ చాడీ తనమీదికి వస్తుందని పిలాతు భయపడ్డాడు. సిలువమీద తగిలించిన పలకపై రాసిన నేరం కూడ 'యూదుల రాజు' అనే కదా!

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, అటువంటి చట్టం నేటికీ ఉన్న దేశాలున్నాయి. మనకు దగ్గరలోని థాయిలాండునే తీసుకుందాం. ఆ దేశపు శిక్షాస్మృతిలోని 112వ సెక్షను ప్రకారం రాజును, రాణిని, వారసుణ్ణి, రాజప్రతినిధిని దూషించినా, అవమానించినా ఒక్కొక్క నేరానికి 3 నుండి 15 ఏళ్ళ జైలు. 1976కు ముందు గరిష్ఠ శిక్ష 7 ఏళ్ళే. ఆ ఏడాది అక్టోబరులో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక పెంచారు. ఫిర్యాదు చేయవలసినది రాజుగారు కాదు. ఎవరైనా సరే పోలీసు స్టేషనుకు వెళ్ళి చేయవచ్చు.

2011 నవంబరులో 60 ఏళ్ళు దాటిన ఒక వృద్ధునికి, నాలుగు ఎస్.ఎం.ఎస్.లు పంపాడని 20 ఏళ్ళ శిక్ష పడింది. తనకు ఎస్.ఎం.ఎస్. పంపడమే రాదని ఆయన మొత్తుకున్నాడు. బెయిలు దొరకలేదు. క్యాన్సరుతో 2012 మే నెలలో జైలులోనే కన్నుమూశాడు. అక్కడివారు ఆయనను 'ఆకాంగ్' అనేవారు, అంటే తాత అని.

2014లో సులక్ శివరక్ష అనే బౌద్ధ పండితుడు ఒక సభలో, నారేసువన్ అనే పూర్వకాలపు రాజు ఏనుగుపై పోరాడి గెలిచాడన్న కథ ఎంతవరకు నిజమని సందేహం వెలిబుచ్చాడు. ఆ రాజు చనిపోయి 400 ఏళ్ళు. అయినా ఇద్దరు రిటైరైన సైనికాధికారులు ఫిర్యాదు చేశారు. 80 ఏళ్ళు దాటిన ఆ పెద్దాయన కేసు 2018 జనవరిలో గాని రద్దు కాలేదు.

ప్రభుత్వోద్యోగం చేసిన ఒక స్త్రీ సంగతి చూడండి. రాజకుటుంబాన్ని విమర్శించే ఎవరిదో ఆడియోను ఇంటర్నెట్టులో నలుగురికీ పంచింది. 29 నేరాలు, ఒక్కొక్కదానికి 3 ఏళ్ళు, వెరసి 87 ఏళ్ళు! నేరం ఒప్పుకున్నందుకు సగానికి తగ్గించి 43 ఏళ్ళ 6 నెలలు అన్నారు. ఇది 2021 జనవరి మాట. 2025లో రాజుగారి క్షమాభిక్షపై ఆమె విడుదలైంది, దేవునికి స్తోత్రం. కాని ఆ 'సగం' దగ్గర ఒకసారి ఆగండి. ఒప్పుకుంటే శిక్ష సగమౌతుందంటే, తప్పు చేయలేదని నమ్మినవాడు కూడ పిల్లలను తలచుకొని ఒప్పుకుంటాడు. మనం పాపసంకీర్తనంలో ఉన్న నిజం చెప్పి స్వేచ్ఛ పొందుతాం. ఇక్కడ మనిషి తన నిజాన్నే అమ్ముకోవలసి వస్తోంది.

2020 నవంబరు నుండి 270 మందికి పైగా ఈ సెక్షను కింద కేసులపాలయ్యారు. ఈ చట్టాన్ని సవరిస్తామని ప్రచారం చేసి, 2023 ఎన్నికలలో అందరికంటె ఎక్కువ స్థానాలు గెలిచిన పార్టీని 2024 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది. థాయి ప్రజలకు రాజుమీద భక్తి లేదని దీని అర్థం కాదు, చాలామందికి ఉంది. పైగా దివంగతులైన భూమిబల్ మహారాజుగారే 2005లో తన జన్మదిన ప్రసంగంలో, రాజు కూడ పొరపాటు చేయవచ్చునని, తనను విమర్శించవచ్చునని చెప్పారు. రాజు వద్దన్నా ఊరుకోని మిత్రులు చక్రవర్తికి ఎప్పుడూ ఉంటారు కాబోలు.

మనదేశం కూడ దీనికి దూరంకాదు. తెల్లదొరల కాలంలో 124-ఎ సెక్షను రాణిపట్ల, ప్రభుత్వంపట్ల విముఖత కలిగించడమే నేరమంది. 1922లో గాంధీజీకి దానికిందే 6 ఏళ్ళ శిక్ష పడింది. ప్రేమను చట్టంతో పుట్టించలేరని ఆయన కోర్టులోనే చెప్పారు.

ఇప్పుడు పవిత్ర గ్రంథం తెరవండి. రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు ద్రాక్షతోట కథ చిన్నప్పటినుండి వింటున్నాం. ఆహాబు దురాశ, యెసెబెలు క్రూరత్వం మనకు గుర్తుంటాయి. నాబోతు మీద మోపిన నేరమేమిటో గుర్తుందా? దేవుణ్ణీ రాజునూ దూషించాడని! యెసెబెలు చేసిందల్లా ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి పంపడమే. మిగిలినదంతా ఊరి పెద్దలే చూసుకున్నారు. ఉపవాసదినం చాటించారు, ఇద్దరు దొంగసాక్షులను కూర్చోబెట్టారు, రాళ్ళతో కొట్టించారు. ఎవరా పెద్దలు? నాబోతుతో ఒకే ఊళ్ళో బ్రతికినవారు, బహుశా అతని ద్రాక్షలు తిన్నవారు. ఒక్కడైనా 'ఈ ఉత్తరం అబద్ధం' అనలేదు.

దావీదు చూడండి. అబ్షాలోముకు వెరచి పారిపోతుంటే షిమీ అనేవాడు వెంటబడి రాళ్ళు రువ్వి, హంతకుడా అని తిట్టాడు. అభిషిక్తుణ్ణి తిట్టాడు! వాని తల తీసివస్తానన్నాడు అబీషయి. దావీదు వద్దన్నాడు. ఆ తిట్టులో దేవుడు తనకు చెప్పేదేమైనా ఉందేమోనన్నాడు.

నిజమే, పునీత పేతురుగారు రాజును గౌరవించమన్నారు. నోటికొచ్చినట్లు దూషించడం, లేనిది కల్పించడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. ఆ దూషణలను నేను సమర్థించడం లేదు. కాని మన తిరుసభ సత్యోపదేశం 2238వ సంఖ్య చూడండి. మనుషుల గౌరవానికి, సమాజ శ్రేయస్సుకు హాని కలిగించే దానిని న్యాయంగా విమర్శించే హక్కు పౌరులకుందని, ఒక్కొక్కప్పుడు అది విధి కూడ అవుతుందని అంటుంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను లోగడ పనిచేసిన ఒక విచారణలో పండుగ ఖర్చుల లెక్క చూపమని ఒక యువకుడు కూటంలో లేచి అడిగాడు. గొంతు పెద్దదిగా ఉంది, మర్యాద తక్కువైంది. గురువును అవమానించాడని నలుగురు పెద్దలు అతనిపై లేచారు. మూడునెలలు అతణ్ణి గాయకబృందానికి రానివ్వలేదు. నేను అబీషయికి వద్దని చెప్పలేదు. తరువాత లెక్క చూస్తే తేడా ఉంది, అడగవలసిన మాటే అడిగాడు. అతని ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగడానికి నాకు సంవత్సరం పట్టింది.

మన ఊళ్ళలో ఆకాశరామన్న ఉత్తరాలు ఎన్ని నడుస్తాయో మీకు తెలియంది కాదు. ఇక ఎవరైనా వచ్చి, 'ఫలానావాడు పెద్దలను తిట్టాడు, మీరూ సంతకం పెట్టండి' అంటే కలం తీసేముందు నాబోతు ఊరివారిని తలచుకోండి. అతడు అన్నదేమిటో అతణ్ణే పిలిచి అడగండి.

2024 మే నెలలో థాయిలాండులో ఈ కేసులోనే బెయిలు రద్దయి జైలులో ఉన్న 28 ఏళ్ళ అమ్మాయి, నెలల తరబడి నిరాహారదీక్ష చేసి మరణించింది. వచ్చే ఆదివారం దివ్యబలిపూజలో విశ్వాసుల ప్రార్థన సమయాన పరిపాలకుల కొరకు ఎప్పటిలాగే మనవి చేస్తాం. దాని వెంటనే, మాట అన్నందుకు చెరలో ఉన్నవారి కొరకు, వారి ఇళ్ళలో ఎదురుచూస్తున్నవారి కొరకు మరొక మనవి చేర్చమని మీ విచారణ గురువులను అడగండి. వారిమీద ఫిర్యాదు చేసినవారి కొరకు కూడ. థాయి రాజుగారి కొరకు కూడ.