మొగమాటమును కొలకర్రయు

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో సొంత విమానము గల గృహములెన్నియని చదువరులు నవ్వవచ్చును. కాని మేము విచారింపబూనిన ప్రశ్న విమానము గలవారిది మాత్రమే కాదు.

చిన్న విమానమునందు పెట్రోలు ఎంత యున్నదో చూపు ముల్లు నడపువాని యెదుటనే యుండును. నింపినవాడును నిండినదనియే చెప్పును. అయినను నడపువాడు బయలుదేరుటకు ముందు తొట్టి మూత విప్పి, గీతలుగల కొలకర్రను ముంచి చూడవలెను. తొట్టి యడుగునుండి కొంత పెట్రోలును గాజుగిన్నెలోనికి తీసి, నీరు చేరలేదని తెలిసికొనవలెను. నిజాంపట్నపు రేవున డీజిలు చూచుకొనక బయలుదేరిన మరపడవ అలలపైనైన నిలువగలదు. ఆకాశమున నిలుచుటకు చోటు లేదు.

ఇచ్చట మొగమాటము అడ్డుపడును. నింపితినన్నవాని యెదుటనే కొలిచిచూచుట అతని నవమానించుట గాదా? కాదని మా యభిప్రాయము. మనిషి సత్యవంతుడగుట వేరు, అతని లెక్క సరియగుట వేరు.

1983 జూలై 23న ఎయిర్ కెనడావారి బోయింగు విమానమొకటి, ఇంధనము చూపు యంత్రము చెడియుండుటచే, కొలకర్రతో కొలిచియే బయలుదేరెను. కొలత తప్పలేదు, లీటర్లను కిలోగ్రాములుగా మార్చుటలో పౌనుల గుణకము వాడిరి. కావలసినదానిలో సగమైన లేక, దారిలో యంత్రములాగిపోయెను. అది గాలిలో జారుచు గిమ్లి యను నూరి పాత వైమానిక స్థావరమున దిగెను. అందలి 69 మందియు బ్రతికిరి. అక్కడ మోసగాడెవ్వడును లేడు; శోధింపబడని యంకె యొక్కటి యుండెను.

అందరును బ్రతికిరి గావున తప్పు లేదందమా? 1877లో ఆంగ్ల తత్త్వవేత్త క్లిఫర్డు దీనికి సమాధానమిచ్చెను. పాత ఓడను పరీక్షింపక, బాగుగనే యున్నదని తన్ను తాను నమ్మించుకొని జనులను పంపిన యజమానుడు, ఓడ క్షేమముగా చేరినను దోషియే యనెను. కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై విమానములు అత్యవసరముగా దిగుటకు బాట వేసి, 2022 డిసెంబరు 29న పరీక్షించిరి. అట్టి బాట ఆపదకే గాని అజాగ్రత్తకు గాదు.

తెనాలిలో కుమార్తెకు సంబంధము చూచు తండ్రి, మధ్యవర్తి పెద్దమనిషి యని మొగమాటపడి విచారణ మానినచో, ఆ మర్యాదకు వెల చెల్లించునది తండ్రి గాదు, కుమార్తె. విమానమున వెనుక కూర్చున్నవాని గతియు నట్టిదే. తన ప్రాణమునకు మాత్రమే ముప్పైనచో మొగమాటము బలహీనత. పరుల ప్రాణమునకు ముప్పైనచో నది యపరాధము.

కావున నింపినవానిని ప్రేమతో పిలిచి, కొలకర్రపై గీతను ఇరువురును కలిసి చదువుడు. మంచివాడైనచో నతడు సంతోషించును.