ఎంత గొంతుతో పలుకవలెను?

శబ్దము ఆకాశగుణమని తార్కికులు చెప్పిరి. అది పుట్టిన చోటినుండి చెవిని చేరు విధమునకు వారు రెండు దృష్టాంతములు చూపిరి. మొదటిది వీచీతరంగన్యాయము. కొలనిలో ఒక అలనుండి మరియొక అల పుట్టి ఒడ్డును చేరునట్లు, ఒక శబ్దము మరియొక శబ్దమును పుట్టించుచు చెవివరకు వచ్చునని దాని భావము. రెండవది కదంబముకులన్యాయము. కడిమి మొగ్గ విచ్చినప్పుడు కేసరములు అన్ని దిక్కులకును ఒక్కసారిగా లేచునట్లు, శబ్దము నలుదెసల వ్యాపించును. ఈ రెండవ దృష్టాంతము నేటి దేవాలయములవారు తప్పక తలచుకొనదగినది. పలుకువాడు ఎవరిని ఉద్దేశించి పలికినను, ఆ పలుకు వారియొద్దకు మాత్రమే పోదు. వినగోరినవానికిని, వినగోరనివానికిని సమముగా చేరును. కంటికి రెప్ప కలదు, చెవికి లేదు.

దీపావళి దాటిన పిమ్మట పాలమూరు సీమలోని కురుమూర్తి స్వామి జాతరకు జనము తండోపతండములుగా తరలిపోవుదురు. స్వామి పాదుకలను ఊరేగింపుగా తెచ్చు ఉద్దాల ఉత్సవమునాడు అచటి రద్దీ చెప్పనలవి కాదు. అట్టి జాతరలలో మైకు లేక పని జరుగదు. తప్పిపోయిన పిల్లవాని ఆనవాళ్లు చెప్పవలెను. క్యూ ఏ వైపునకు మరలినదో చెప్పవలెను. బస్సు ఎచటినుండి బయలుదేరునో చెప్పవలెను. ఉదయము జనము పలుచగా ఉన్నప్పుడు చాలిన ధ్వని మధ్యాహ్నమునకు చాలదు. డప్పులు, బూరలు, అంగళ్లవారి కేకలు కలిసినప్పుడు అదే ప్రకటన గాలిలో కలిసిపోవును. మైకు చూచువాడు అప్పుడు మీట త్రిప్పి ధ్వనిని పెంచును. సద్దు అణగిన తరువాత తగ్గించుట మాత్రము మరచును. రాత్రి మంటపమున నలుగురే మిగిలినను, మధ్యాహ్నపు మ్రోతయే సాగుచుండును.

ఈ మతిమరపునకు మందుగా యంత్రజ్ఞులు ఒక ఉపాయము కల్పించిరి. విమానాశ్రయములలోను, పెద్ద రైల్వే స్టేషన్లలోను దీనిని వాడుదురు. చుట్టునున్న సద్దును కొలుచుటకై ప్రత్యేకముగా ఒక మైకు అమర్చబడి ఉండును. సద్దు పెరిగినకొలది స్పీకరు ధ్వని దానంతట అదే పెరుగును. సద్దు తగ్గగానే తగ్గును. దూరపు స్టేషనును, దగ్గరి స్టేషనును ఒకే తీరున వినిపించుటకు రేడియోలో ఇట్టి స్వయంచాలకమైన ఏర్పాటును 1925లోనే హెరాల్డ్ వీలర్ అను అమెరికా ఇంజనీరు రూపొందించెను. ఈ యంత్రమును దానికి బంధువనవచ్చును. అయితే ఇందొక చిక్కు కలదు. సద్దును కొలుచు మైకులో స్పీకరు ధ్వనియు పడును. తన ధ్వనినే పరుల సద్దుగా ఎంచినచో, యంత్రము తన్ను తానే మించవలెనని ఎక్కుచు పోవును. అందువలన పలుకునకు పలుకునకు నడుమనున్న విరామములలో సద్దును కొలుచునట్లు దానిని అమర్చుట కలదు. లోకములోని సద్దు ఎంతయో తెలియుటకు తాను క్షణకాలమైన మౌనము వహింపవలెనన్నమాట. యంత్రము నేర్చిన ఈ విద్య మన ఉపన్యాసకులలో ఎందరికి అబ్బినదో!

మనుష్యుని గొంతు సైతము సద్దునుబట్టి తెలియకయే హెచ్చును. ఏటియన్ లొంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో దీనిని వివరించెను. మన శిక్షాశాస్త్రమువారు ఇంకను లోతుగా చూచిరి. ప్రాతఃకాలమున ఉరస్సునుండి పులి గర్జనమువలె గంభీరముగాను, మధ్యాహ్నమున కంఠమునుండి చక్రవాకపు కూజితమువలెను, సాయంకాలమున శిరస్సునుండి నెమలి, హంస, కోకిలల ధ్వనివలెను పఠింపవలెనని పాణినీయశిక్ష విధించినది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి వర్ణమును, స్వరమును, మాత్రను, బలమును, సామమును, సంతానమును పేర్కొనినది. బలము ఆరింటిలో ఒక్కటి మాత్రమే. మైకు వచ్చిన తరువాత తక్కిన అయిదును మరచి బలమొక్కటే పట్టుకొనినట్లున్నది.

గొంతును ఎంతకు నిలుపవలెనను విషయమున ఆంజనేయునికంటె గురువు లేడు. అశోకవనమున శింశుపావృక్షముపై కూర్చుండి ఆయన చేసిన ఆలోచనను వాల్మీకి ఒక సర్గమంతయు వర్ణించెను. క్రింద సీతమ్మ ఉన్నది. చుట్టును రాక్షసస్త్రీలు ఉన్నారు. పండితునివలె సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని ఆ తల్లి భయపడును. భయపడి కేక వేసినచో రాక్షసులందరు గుమిగూడుదురు. పలుకకున్నచో ఆమె ప్రాణములే నిలువవు. ఏ భాష, ఏ మాట, ఏ స్వరము అని ఇంత విచారించి, తుదకు దశరథ మహారాజుతో మొదలుపెట్టి రామకథను, వైదేహి చెవికి అందునంత మాత్రము, మధురముగా పలికెను. సముద్రమును దాటిన బలము గల మహావీరునకు గర్జించుట రాక కాదు. అదే వనమున పిదప గర్జించెను గదా! కాని ఒక దుఃఖితురాలి చెవికి ఎంత కావలెనో అంతే ఇచ్చెను. అంతకు ముందు ఋష్యమూక ప్రాంతమున ఆయన మాట విని శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనినదియు ఇదియే: సాగదీయక, సందేహమునకు తావీయక, తొందరయు ఆలస్యమును లేక, మధ్యమస్వరమున పలికెనని.

ధ్వని పెరిగినంతనే స్పష్టత పెరుగునని భ్రమింపరాదు. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు నల్లగొండ జిల్లాలో ఉండిన యాదగిరిగుట్ట ఆలయము కృష్ణశిలతో పునర్నిర్మింపబడి, 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణతో తెరువబడినది. అట్టి శిలామంటపములలో నునుపైన రాయి ధ్వనిని మ్రింగదు, తిరిగి కొట్టును. ఒక అక్షరపు ప్రతిధ్వని మరియొక అక్షరముపై పడును. ధ్వనిని పెంచినచో ప్రతిధ్వనియు దానితోపాటే పెరుగును. మంత్రము మంత్రముగా వినబడక హోరుగా వినబడును. వృద్ధుల చెవికి అచ్చులు అందినను, సకార తకారాదులైన హల్లులు ముందుగా జారిపోవును. వారికి హోరువలన మేలు లేదు. చిన్న స్పీకర్లను భక్తులకు దగ్గరగా, కొద్ది ధ్వనితో అమర్చుటయే దీనికి తగిన వైద్యము.

ఇక యంత్రమునకు బొత్తిగా తెలియని విషయము మరియొకటి కలదు. ఒక వీధిలో రెండు ఆలయములున్నవనుకొందము. రెండింటను ఈ స్వయంచాలక యంత్రములే ఉన్నవనుకొందము. ఇచటి హరికథ అచటి యంత్రమునకు సద్దు. అచటి భజన ఇచటి యంత్రమునకు సద్దు. ఇది పెంచును, అది పెంచును, మరల ఇది పెంచును. రామనామమే శివనామమునకు రొద అయిపోవును. ఏ యంత్రమును తప్పు చేయలేదు. తనకు ఆజ్ఞాపించినదే చేసినది. ‘ముందుగా నేనే తగ్గుదును’ అను సంకల్పము దానియందు లేదు.

ఇది వట్టి ఊహయని కొట్టివేయరాదు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ధ్వనికాలుష్యముపై ఒక తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమునకు మూలమైన సంఘటన తలచుకొనుటకే బాధ కలుగును. పదమూడేండ్ల బాలికపై అత్యాచారము జరుగుచుండగా ఆమె వేసిన కేకలు సమీపములోని లౌడ్ స్పీకరు మ్రోతలో ఎవరికిని వినబడలేదు. మకరిచేత చిక్కిన గజేంద్రుని మొర వైకుంఠమునకు వినబడెను. పరుగున వచ్చెను స్వామి. ఆ కథను మైకులో పాడుదుము. ఆ పాట మ్రోతలో గోడ ఆవలి మొర మనకు వినబడకున్నచో, ఆ పాట ఎవరి కొరకు?

2000 నాటి ధ్వనికాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగముగా లౌడ్ స్పీకరు వాడరాదు. ఉత్సవాదులకై ఏడాదిలో 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు ప్రభుత్వము సడలింపు నీయవచ్చును. బహిరంగస్థలపు సరిహద్దునొద్ద లౌడ్ స్పీకరు ధ్వని ఆ ప్రాంతమునకు నిర్ణయించినదానికంటె 10 డెసిబెల్లుగాని, మొత్తము 75 డెసిబెల్లుగాని, ఏది తక్కువైన అది దాటరాదు. నివాసప్రాంతమున పగటి మితి 55 కావున, 65 వద్ద ఆగవలెను. పరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును విధింపలేదని అదే 2000లో సుప్రీంకోర్టు మరియొక వ్యాజ్యమున చెప్పినది.

ఇచట ఆస్తికులు ఒక ఆక్షేపణ చేయుదురు. భగవన్నామము తెలియక చెవిని పడినను మేలే కదా. గురువు రహస్యముగా ఉంచుమన్న మంత్రార్థమును భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమెక్కి ఎలుగెత్తి చాటలేదా? బలమైన ప్రశ్నయే. కాని ఆచార్యులు ఎలుగెత్తినది విన తహతహలాడు జనుల కొరకు. దాచబడినదానిని పంచుట కొరకు. దానివలన తమకు నరకము వచ్చినను రానిండని తెగించి ఆ పని చేసిరి. నేడు మీట త్రిప్పువానికి కలుగు నష్టమేమి? జ్వరముతో పడియున్నవానికి, పరీక్షకు చదువుకొను పిల్లకు, రాత్రి పని ముగించి వచ్చి నిద్రించువానికి కదా ఆ నష్టము! పద్మపురాణము చెప్పిన పది నామాపరాధములలో, శ్రద్ధ లేనివానికి, విన ఇష్టపడనివానికి నామోపదేశము చేయుట ఒకటి. నామముపై వానికి విసుగు పుట్టించిన దోషము వినిపించినవానిదే. మనువు సైతము పెదవి కదలీ కదలని ఉపాంశుజపమును విధియజ్ఞమునకు నూరు రెట్లుగాను, మానసజపమును వేయి రెట్లుగాను ఎంచెను.

సుప్రభాతమునకు బ్రాహ్మీముహూర్తము తగిన సమయము. అది ఉదయము 6 గంటలకు ముందే వచ్చును. శాసనమునకును సంప్రదాయమునకును ఇందు విరోధమున్నట్లు తోచును గాని లేదు. గర్భాలయపు గడపవద్ద అర్చకస్వామి గొంతు చాలును. మేలుకొనవలసిన స్వామి అచటనే ఉన్నాడు. పగటివేళ జనము వచ్చినప్పుడు స్వయంచాలక యంత్రమును తప్పక వాడవచ్చును. అయితే అది ఎంతవరకు ఎక్కవచ్చునో ఆ గరిష్ఠపు మితిని ముందుగా మనుష్యుడు నిర్ణయింపవలెను. అందుకు ధర్మకర్తలలో ఒకరు మంటపములో చివరి వరుసను కూర్చుండి ఒకసారి వినవలెను. పిదప ప్రాకారము దాటి, గోడకు ఆనుకొనియున్న మొదటి ఇంటి అరుగుపై కూర్చుండి, ఆ ఇంటివారితో మామూలు గొంతుతో మాటలాడి చూడవలెను.