చివరి మజిలీ
(ధ్యాన భాగము: మార్కు 10:46–52)



కాళ్లు నొచ్చునట్లు నడచినంతమాత్రమున మనుష్యుడు దేవునికి దగ్గరగునా? బంగాళాఖాతపు ఒడ్డుననున్న వేళాంకణ్ణికి, సెప్టెంబరు 8వ తేదీ పండుగకని, చెన్నపట్టణమునుండి అనేకులు కాలినడకన పోవుచున్నారు. మన హైదరాబాదు పాతబస్తీలో మొహర్రము 10వ దినమున షియా ముస్లిములు దబీర్‌పురాలోని బీబీ కా అలావానుండి బీబీ కా ఆలంను ఏనుగుపై ఉంచి, చార్మినారు మీదుగా మూసీ ఒడ్డున చాదర్‌ఘాటు వరకు తీసికొని పోవుదురు. క్రీ.శ. 680లో కర్బలాలో హతుడైన హుస్సేనును తలంచి ఏడ్చుచు, ఎందరో చెప్పులు లేక నడతురు. మన పల్లెలలోని పీర్ల పండుగయు ఆ కర్బలా దుఃఖమునుండి వచ్చినదే.

ఇట్టివి చూచి మనలో కొందరు, “మనకు కృప చాలును, కాళ్లు కాల్చుకొంటే పుణ్యము రాదు” అందురు. ఆ మాట నిజమే. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయము దానికి సాక్ష్యము. అయితే ఆ మాట అనుటకు మనకేమి ఖర్చయినది? కృప పేరు చెప్పి గడప దాటనివాడు, నడచువానికంటె దేవునికి దగ్గరనున్నాడని ఎక్కడ వ్రాయబడినది?

మన ప్రభువును యాత్ర చేసినవాడే. పండ్రెండేండ్ల ప్రాయమున పస్కాకు వెళ్లెను. ఆయన కడపటి యాత్రలో చివరి మజిలీ యెరికోనుండి యెరూషలేమునకు. దూరము సుమారు 25 కిలోమీటర్లు. ఎక్కుడు 1000 మీటర్లు. నీళ్లు లేని కొండదారి. గమ్యము దగ్గరపడిన కొలది నడచువానికి తొందర హెచ్చును. కన్ను గోపురముమీదనే ఉండును గాని ప్రక్కవానిమీద ఉండదు.

ఆ మజిలీ మొదటనే, దారిప్రక్కన కూర్చున్న బర్తిమయి అను గ్రుడ్డివాడు కేకలు వేసెను. జనులు వానిని ఊరకుండుమని గద్దించిరి. వారు దుష్టులు కారు, యేసు వెంట నడచుచున్నవారే. అయినను వారి నడకయే వారి చెవులు మూసెను. యేసు నిలిచెను. సిలువవైపు పోవుచున్నవాడు, లోకమంతటి భారము మోయబోవువాడు, ఒక భిక్షకుని కొరకు నిలిచెను.

కాబట్టి మన ప్రశ్నకు జవాబిది: నడచుటవలన పుణ్యము రాదు, నడవకుండుటవలనను రాదు. గమ్యము కనబడుచుండగా ఒకనికొరకు నిలువగలమా అనునదే పరీక్ష.

పాతబస్తీ దారిలో చూడవలసినది మరియొకటి కలదు. కర్బలాలో హుస్సేను పరివారమునకు నీళ్లు అందనీయలేదు. ఆ దాహమును తలంచి నేటికిని దారిప్రక్కన సబీలు పెట్టి, వచ్చిపోవువారికి నీళ్లు, షర్బతు ఇచ్చుచున్నారు. వారి విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను యెరికో దారిలోనే పడియున్నవాని కథ చెప్పుచు, యాజకుని, లేవీయుని దాటించి, పరాయివాడైన సమరయుని మనకు గురువుగా నిలిపినవాడు మన ప్రభువే గదా! ఆ నీళ్ల గ్లాసును చూచి నేర్చుకొనుట మనకు చిన్నతనము కాదు.

మనకు యాత్రలు లేవని అనుకొనవద్దు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమునకు ప్రతి క్రిస్మసుకు మనవారు వేలాదిగా పోవుచున్నారు. పాస్నెట్ దొరగారు కరవు కాలమున ఆకలిగొన్నవారికి పనియు కూడును ఇచ్చుచు కట్టించిన గుడి అది. ఆకలివారికొరకు నిలిచినందున లేచిన గోపురము చూడబోవుచు, దారిలో ఆకలివానిని త్రోసికొని పోయినయెడల మనము చూచినదేమి?

అంత దూరమేల? ఆదివారము మన ఇంటినుండి గుడివరకు ఉన్న దారియు ఒక మజిలీయే. దానిలో మంచము పట్టిన ముసలమ్మ గుడిసె కలదు. గట్టు తగాదాతో మాటలు మానిన అన్నదమ్ముని గడప కలదు. అర్పణము బలిపీఠము వద్దకు తెచ్చిన తరువాత సహితము, దానిని అక్కడనే విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని మత్తయి 5:23–24లో ప్రభువు ఆజ్ఞ. గుడి గుమ్మము ఎక్కినవానిని గూడ ఆయన వెనుకకు పంపుచున్నాడు!

ఇకమీదట గంట కొట్టిన తరువాత ఎవడైన ఆలస్యముగా వచ్చినయెడల వెంటనే గద్దింపక, “ఎవరి గడప యొద్ద నిలిచితివి?” అని అడుగుదము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సంఘముగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.