ఎవరండీ మాట్లాడేది?

ఫోను ఎత్తగానే "ఎవరండీ మాట్లాడేది?" అని అడగడం మన చిన్ననాటి అలవాటు. ఆ ప్రశ్న ఇప్పుడు ఆఫీసుల్లోంచి మెల్లగా తప్పుకుంటోంది. అడగనక్కరలేదు మరి! టెలిఫోనుకీ కంప్యూటరుకీ వియ్యం కుదిర్చేశారు. మనం ఫోను చెయ్యగానే మన నెంబరు కంప్యూటరుకు చేరుతుంది. ఆ నెంబరు మీద ఉన్న పేరూ, ఊరూ, పాత లెక్కలూ, పోయిన నెల చెప్పుకున్న ఫిర్యాదూ అన్నీ, అవతలి అమ్మాయి "నమస్కారం" అనేలోపే తెర మీదికొస్తాయి.

ఇది చెడ్డదని ఎలా అనగలం? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది కూడా ఈ వియ్యంతోనే. తర్వాత అది జిల్లాలకూ వచ్చింది. మా నెల్లూరు తీరాన మైపాడులోనో, ఇసకపల్లిలోనో అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే, కంగారులో లైను తెగినా ఫరవాలేదు. నెంబరు వాళ్ళ దగ్గరుంటుంది, తిరిగి పిలుస్తారు.

కానీ నెంబరూ మనిషీ ఒకటేనా?

మా వీధిలో ఒకావిడ భర్త పోయి ఏడాది దాటింది. మనసొప్పక ఆయన ఫోనే వాడుకుంటున్నారు. ఏదో పనిమీద ఒక ఆఫీసుకి ఫోను చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా ఆయన పేరు పెట్టి పిలిచి, "ఎలా ఉన్నారు సార్?" అంది. ఈవిడ ఫోను పెట్టేశారు. "ఎవరమ్మా నువ్వని ఒక్క మాట అడిగుంటే చెప్పుకునేదాన్ని గదా" అన్నారు నాతో.

ఆ అమ్మాయి తెర మీద ఉన్నదే చదివింది. యంత్రం తన దగ్గర రాసున్నదే చూపించింది. ఎవరూ తప్పు చెయ్యకుండానే ఒక మనసు నొచ్చుకుంది. అదే నన్ను ఆలోచనలో పడేసింది.

ఆవిడ ఒక్కరి సంగతే కాదిది. గ్యాసు ఆయన పేరు మీద, కరెంటు మీటరు మామగారి పేరు మీద ఉన్న ఇళ్ళెన్ని! సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇంటికొక ఫోనే ఉంటే, దాని మీద పేరు వేటకెళ్ళే మగమనిషిది, మాట్లాడేది ఇంట్లో ఉన్న ఆడమనిషి. తెర మీద ఆమె లేనే లేదు. అడిగితేనే ఉంటుంది.

మన పక్క సంచీ పట్టుకుని వెళ్తున్న మనిషిని చూసి కూడా "ఏం వదినా, బజారుకా?" అంటారు. తెలియక అడుగుతారా? తన సంగతి తాను చెప్పుకునే చోటు అవతలి మనిషికి ఇవ్వడమే ఆ అడగడం. "కాదమ్మా, ఆస్పత్రికి" అనే మాట ఆ చోటులోంచే వస్తుంది.

మన ఆడపిల్లలెందరో ఈనాడు అలాంటి తెరల ముందు కూర్చుని ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళకు మనం చెప్పదగ్గ మాట ఒకటుంది. 108 వాళ్ళంతటివాళ్ళు, ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యకూడని వాళ్ళు, నెంబరు కళ్ళెదుటే ఉన్నా ఏం జరిగిందో, ఎక్కడున్నారో మనిషినే అడుగుతారు. తక్కినవాళ్ళకు అంతకన్నా తొందరేముంది చెప్పండి?