పాత కారు – విలువ ప్రశ్న

పాత కారు బాగుచేయించాలా వద్దా అన్నది విమర్శ వ్యాసాలకు కేటాయించిన ఈ పుటల్లో చర్చించదగిన విషయమేనా అని కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. విషయం చిన్నదే. కాని విలువ అంటే ఏమిటి, దాన్ని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న ఇందులో ఇమిడి వున్నది. ఆ ప్రశ్నకు తరగతి గదిలో నేను చెప్పే జవాబు ఒకటి, ఆచరణలో నేను చేసిన పని మరొకటి అయినాయి. అందుకే రాస్తున్నాను.

మా కాలేజీలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు తన 2007 నాటి మారుతి 800ను పాతికవేలకు ఇస్తానన్నారు. నాలుగేళ్లుగా అది వేపచెట్టు కింద కదలకుండా పడివున్నది. మోకాళ్ల నొప్పులతో స్కూటరు ఎక్కలేని మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి పనికివస్తుందని నా ఆశ. విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్లాను. ఆయన ఇంజను జోలికి పోలేదు. ముందు మ్యాట్లు ఎత్తి, ఫ్లోరు రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు.

"ఇంజను ఎప్పుడైనా బాగవుద్ది మాస్టారూ. రేకును తుప్పు తినేస్తే మాత్రం బండి లేనట్టే" అన్నాడు.

రేకు గట్టిగానే వున్నది. తరువాత లెక్క వేశాడు: నాలుగు టైర్లు, బ్యాటరీ, పెట్రోలు పంపు, బ్రేకు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు - సామానుకు 30,000, తనూ తమ్ముడూ నాలుగు రోజులు పనిచేసినందుకు కూలి 8,000.

కొనే ధరకన్నా మరమ్మతు ఖర్చు ఎక్కువైతే ఆ వస్తువును వదులుకోవాలని లోకం చెప్పే సూత్రం. వినడానికి సబబుగానే వుంటుంది. కాని పాతికవేలన్నది సంత ఆ కారుకు కట్టిన ధర. అమ్మను ఆసుపత్రికి చేర్చడమనే ప్రయోజనానికి కట్టిన ధర కాదు. పోల్చవలసింది అదే పని నమ్మకంగా చేసే మరో కారు ఖర్చుతో. లక్షకు తక్కువలో అటువంటిది నాకు దొరకలేదు.

యంత్రం వాడటంవల్ల అరుగుతుంది, వాడకుండా వదిలేసినా చెడిపోతుంది అన్నాడు మార్క్స్, 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో. ఈ రెండూ గాక మూడో తరుగుదల వున్నదనీ చెప్పాడు. మెరుగైనదో చవకైనదో అయిన యంత్రం వస్తే, పాతది నిక్షేపంగా పనిచేస్తున్నా దాని మారకపు విలువ పడిపోతుంది. 1983లో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. పాతికవేల ధరలో ఈ మూడు తరుగుదలలూ కలగలిసి వున్నాయి. మేస్త్రీ స్క్రూడ్రైవరు వాటిని విడదీసి చూపింది.

అలాగని పాతదాన్నల్లా నిలబెట్టడమే ధర్మమని నేననను. రేకు పుచ్చివుంటే, బ్రేకులు పట్టకపోతే ప్రమాదం నా ఒక్కడికే కాదు, దారిన నడిచిపోయే మనిషికి కూడా. 15 ఏళ్లు దాటిన కారు యోగ్యతను పరీక్షించి గాని రిజిస్ట్రేషను పునరుద్ధరించకూడదన్న నియమం న్యాయమైనది. ఆ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచడం మాత్రం వేరే సంగతి. పరీక్ష బండిని చూస్తుంది. రుసుము జేబును చూస్తుంది.

ఇక నా తప్పు చెప్పాలి. సామాను ధరల గురించి నేను ఒక్క మాటయినా అనలేదు. అట్టపెట్టెల మీద ధర అచ్చువేసి వున్నది. కూలి దగ్గరకు వచ్చేసరికి, "అయిదు వేలు చేసుకోండి" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "నా చేతిమీద రేటు అచ్చెయ్యలేదుగా మాస్టారూ" అన్నాడు.

శ్రమే విలువకు మూలమని ఆ వారమే అభ్యుదయ కవిత్వం పాఠంలో విద్యార్థులకు చెప్పివున్నాను. చెట్టు కింద చచ్చిపడివున్న ఇనుముకు మళ్లీ ప్రాణం పోసేది ఆ చేతులే. బేరం ఆడదగినదిగా నాకు కనిపించినవీ ఆ చేతులే.

పాతవస్తువును పారవేయకుండా బాగుచేయించుకోవడం మన దేశంలో పొదుపుగా, సద్గుణంగా చలామణీ అవుతున్నది. ఆ సద్గుణం చాలావరకు బాగుచేసేవాడి చవక కూలిమీద నిలబడి వున్నది. కనుక ఏ మరమ్మతు తగినదో తేల్చడానికి నాకు తోచిన పద్ధతి ఇది: పనివాడికి న్యాయంగా రావలసినది ముందు లెక్కలో వేయాలి; ఆ తరువాత కూడా లెక్క నిలిస్తే బాగుచేయించాలి. ఈ కారు విషయంలో కూలి రెట్టింపు చేసినా, కొన్న ధరా సామానూ రుసుమూ కలిపినా 76,000 దాటలేదు. లెక్క నిలిచింది.

ఆయన అడిగిన ఎనిమిది వేలూ ఇచ్చాను. నేను వేసుకున్న లెక్క ప్రకారమే ఆయనకు అంతకన్నా ఎక్కువ రావాలి. ఆ బాకీ ఎవరు తీర్చాలి, ఎలా తీర్చాలి అన్నది నా ఒక్కడి ఔదార్యంతో తేలే విషయం కాదు. కాని బాకీ వున్నదని ఒప్పుకోవడమైనా మన దగ్గర మొదలుకావాలి.